క్లచ్చి లేని లారీ

లారీ ఇసుకలో దిగబడిందని ఎవరైనా అంటే, ఈ వయసులో కూడా ముందు నా నడుము నొప్పి పుడుతుంది. ఆ తర్వాతే మాట చెవికెక్కుతుంది. అరవైల మొదట్లో ఒక ఏడు, ఎండాకాలం ఆఖరు నుంచి వానలు పట్టబోయే దాకా నేను చేసిన పనల్లా ఒక్క లారీని ఇసుకలోంచి పైకి తీయడమే. పొద్దున తీస్తే మధ్యాహ్నానికి మళ్ళీ దిగేది. మధ్యాహ్నం తీస్తే పొద్దుగూకేలోపు ఇంకోసారి. మనిషి బతుకులో ఇంతకన్నా పనికిమాలిన పని ఉంటుందని నేననుకోను.

అప్పుడు నాకు ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. మా నాయన దూది ఏకేవాడు. ఆ వింటి నారి చప్పుడు వినీ వినీ రోత పుట్టి, నేను నాయుడుపేటలో లారీలు బాగుచేసే ఒక షెడ్డులో చేరి మిస్త్రీ పని నేర్చుకున్నాను. తర్వాత వాకాడుకు ఇవతల, సముద్రం వైపు నుంచి వచ్చే ఇసుక దోవ తారు రోడ్డును కలిసే చోట, ఒక కట్టెల కాంట్రాక్టరు నాకు తాటాకుల షెడ్డు వేసి ఇచ్చాడు. ఆయన్ను అందరం ఓనరు గారు అనేవాళ్ళం. సరుగుడు తోటలు కొట్టించి, కట్టెలు మద్రాసుకు పంపడం ఆయన వ్యాపారం. తోటలన్నీ సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల మీద ఉండేవి. తోటలోంచి రోడ్డు దాకా ఆరు మైళ్ళు ఒట్టి ఇసుక. ఆ ఆరు మైళ్ళూ ఓనరు గారి సొంత లారీ కట్టెలు మోసుకు రావాలి. రోడ్డు చేరాక మద్రాసు లారీలు ఎత్తుకుపోతాయి. ఆ సొంత లారీకి మిస్త్రీని నేను. డ్రైవరు మా బావ.

బావంటే మా అక్క మొగుడు. ఆయనకు ఎడమ కాలు మోకాలి కింద జానెడు వదిలిపెట్టి ఇక లేదు.

అంతకు నాలుగేళ్ళ ముందు అల్లూరు దగ్గర వడ్ల లోడుతో వస్తుంటే టైరు పంక్చరయింది. జాకీ కింద చెక్క వెయ్యాలని ఆయనకు తెలీక కాదు. నేల గట్టిగానే ఉందిలే అనుకున్నాడు. జాకీ ఒరిగింది, బండి వచ్చి పాదం మీద కూర్చుంది. నెల్లూరు పెద్దాసుపత్రిలో కాలు తీసేశారు. అప్పటికి పదహారేళ్ళుగా లారీ తోలుతున్న మనిషి. నెల్లూరు నుంచి మద్రాసు దాకా ఏ గుంట ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. కాలు పోయాక నాలుగేళ్ళు ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తాగలేదు, తిట్టలేదు, ఏడవలేదు. రోడ్డు మీద లారీ పోతుంటే మాత్రం చెవి అటు పారేసి, “ఇప్పుడు మార్చాల మూడుకి... మార్చడేందిరా వీడు... ఆఁ, మార్చినాడు” అని గొణుక్కునేవాడు. అది వింటుంటే నాకు ఒళ్ళు మండేది. అది జాలి అని ఒప్పుకోవడం చేతగాక మంట అనుకున్నానేమో, ఇప్పుడు తోస్తుంది.

ఇంకో సంగతి. ఆయనకు ఆ లేని పాదం నొప్పి పుట్టేది. రోజూ పొద్దు వాలే వేళకు మొదలు. “బొటనవేలు లాగతా ఉందే, రావే” అని అక్కను కేకేసేవాడు. అక్క పొయ్యి మీదున్నది దించేసి వెళ్ళి, తలుపు దగ్గరికి వేసుకునేది. నేను బయటి నుంచే ఎగతాళి చేసేవాణ్ణి. “లేని వేలికి నొప్పేంది బావా! నాటకాలు బాగా నేర్చినావే!” ఆయన లోపలి నుంచి నవ్వేవాడు. అక్క నవ్వేది కాదు.

అట్లాంటి రోజుల్లో ఓనరు గారు మద్రాసులో పటాలం వాళ్ళు వేలం వేసిన లారీ ఒకటి పాడుకుని తెచ్చాడు. తోలుకొచ్చిన డ్రైవరు షెడ్డు ముందు ఆపి, దిగుతూనే, “దీనికి క్లచ్చి లేదు సామీ” అన్నాడు. విరిగిపోయిందేమోనని కిందికి దూరి చూశాను. విరగడం కాదు, అసలు పెట్టనే లేదు, గేరు మార్చేటప్పుడు ఎడమ కాలితో తొక్కే పెడలే లేదు. ఎక్సలేటరు తొక్కితే చాలు, ఒకటి, రెండు, మూడు, నాలుగు, గేర్లు వాటంతట అవే ఎక్కుతాయి. బరువు పడితే వాటంతట అవే దిగుతాయి. అట్లాంటి బండి ఉంటుందని విన్నానే గానీ చూడటం అదే మొదలు.

ఆ డ్రైవరు ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు, నేను సైకిలెక్కేశాను. అక్కా వాళ్ళ ఇల్లు అక్కడికి అరమైలు.

“బావా, లెయ్. కుడి కాలొక్కటుంటే చాలు. లెయ్!”

“ఏందిరా, తాగినావా?” అన్నాడు. చెప్పాను. ఆయన పెట్టె తీయించి, అడుగున మడత పెట్టి ఉన్న ఖాకీ చొక్కా బయటికి తీశాడు. నాలుగేళ్ళ మడత. విప్పితే గీతల దగ్గర రంగు వెలిసిపోయి ఉంది. వడ్రంగి చేసిన కొయ్యకాలు ఒకటి మూలన పడి ఉండేది. దాని గిన్నెలో మా నాయన ఏకి పంపిన దూది కుక్కి, తోలు పట్టీలు బిగించి, అక్క భుజం పట్టుకుని లేచాడు. ఆ దోవలో పోలీసులుండరు, లైసెన్సు అడిగేవాడు లేడు. ఓనరు గారు కాసేపు ఆలోచించి, “ఇసకలో తోలితే చాలు గదా, తోలనీ” అన్నాడు. ఆ మాటకు ఆయనకు నేను జన్మంతా దండం పెట్టాలి. పెట్టాను కూడా. ఆ తర్వాత ఆయన చేసినదానికి తిట్టుకున్నాను, అది వేరే.

లారీకి వచ్చిన టైర్లు సన్నవి. రెండో రోజే ఇసుకలో ఇరుసు దాకా దిగబడింది. ఓనరు గారు మళ్ళీ మద్రాసు పోయి, మిలిటరీ పాత సామాన్ల అంగట్లో నా రొమ్ము ఎత్తున్న టైర్లు ఆరు పట్టుకొచ్చాడు. వాటిని ఎక్కించడానికి మడ్‌గార్డులు కోయాల్సి వచ్చింది. ఎక్కించాక లారీ ఇసుక మీద తేలినట్టే పోయింది. ఒక పూట సంబరపడ్డాం. లోడు వేసి నడిమి దిబ్బ దగ్గరికి వచ్చేసరికి అసలు తిప్పలు మొదలయ్యాయి.

ఆ గేర్‌బాక్స్ రెండు సంగతులు చూసుకుని గేరు మార్చుకుంటుంది. చక్రాలు ఎంత జోరుగా తిరుగుతున్నాయి, డ్రైవరు కాలు ఎంత లోతుకు తొక్కుతోంది. టైరు పెద్దదైతే ఒక్క చుట్టుకే చాలా దూరం పోతుంది, ఇంజను మీద బరువు పెరుగుతుంది. చిన్న టైర్లకని కట్టిన లెక్క పెద్ద టైర్లకు కుదరదు. దిబ్బ ఎక్కుతూ ఎక్కుతూ, సరిగ్గా ఇసుక పట్టే చోట, రెండో గేరులో ఉండాల్సింది కాస్తా మూడుకు ఎగిరేది. ఇంజను గొంతు పడిపోయేది. మళ్ళీ రెండుకు దిగేది, మళ్ళీ మూడుకు ఎక్కేది. ఆ ఊపులో వెనక చక్రాలు గుంట తవ్వుకుని అందులో చల్లగా కూర్చునేవి. ఇక నేను పార పట్టుకుని దిగాలి. కట్టెలు మోసే ఆడవాళ్ళు సరుగుడు మండలు తెచ్చి చక్రాల కింద పరవాలి. “మిస్త్రీ అన్నా, నీ లారీ కన్నా మా నెత్తులే మేలు గదన్నా” అని వాళ్ళ ఎకసెక్కం. పైన ఎండ, కింద ఇసుక. సముద్రం గాలికి ఉప్పూ చెమటా కలిసి చంకలు ఒరుసుకుపోయేవి. తల ప్రాణం తోకకొచ్చేది.

దానికి మందు లేకపోలేదు. ఎక్సలేటరు నుంచి గేర్‌బాక్స్‌కు సన్నటి కడ్డీ ఒకటి పోతుంది. డ్రైవరు కాలు ఎంత లోతున ఉందో గేర్‌బాక్స్‌కు చెప్పేది ఆ కడ్డీయే. దాని చివర మర బిగిస్తే గేరు ఆలస్యంగా మారుతుంది, వదులు చేస్తే తొందరగా మారుతుంది. పుస్తకమా లేదు, అడుగుదామంటే తెలిసినవాడా లేడు. రోజుకు సగం చుట్టు చొప్పున తిప్పి చూడటమే నా చదువు. ఒక చుట్టు తిప్పితే దిబ్బ సగం ఎక్కింది. రెండు తిప్పితే ముప్పాతిక ఎక్కింది. మూడు తిప్పితే చదును నేల మీద కూడా రెండో గేరు వదలక, ఇంజను అరిచి అరిచి ఆయిలు కాలిన వాసన. మళ్ళీ వెనక్కి.

అన్నిటికన్నా నన్ను తినేసింది ఒక చప్పుడు. మూడుకు ఎగిరే ముందు ప్రతిసారీ అడుగున ఎక్కడో ‘టక్’ మనేది. టక్, వెంటనే గేరు ఎగరడం. గేర్‌బాక్స్ లోపల ఏదో పిన్ను అరిగి కొట్టుకుంటోందని నా నమ్మకం. ఆయిలు దించి, అడుగు మూత విప్పి, లోపలి స్ప్రింగులు ఒక్కొక్కటే గుడ్డ మీద పరిచి, ఈగలు వాలకుండా చూసుకుంటూ మూడుసార్లు వెతికాను. ఏమీ లేదు. బిగించి పంపిస్తే మళ్ళీ టక్.

“నీకు చప్పుడు వినపడతా ఉందా బావా?” అని అడిగితే, “ఏ చప్పుడురా? నాకేం వినపళ్ళా” అనేవాడు. ఇంజను చప్పుడు విని ఏ వాల్వు కొట్టుకుంటోందో చెప్పగలిగిన మనిషికి ఆ చప్పుడొక్కటీ వినపడదు! నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

వానలు ఇంకో నెల ఉన్నాయనగా ఓనరు గారు ఒకరోజు మద్రాసు లారీలో గోనెసంచి చుట్టిన బరువొకటి దించాడు. విప్పి చూస్తే మామూలు గేర్‌బాక్స్. పక్కన క్లచ్చి సామాను, పెడలుతో సహా.

“ఇదిగో అబ్బయ్యా, నేను చెడ్డోణ్ణి కాదు. కానీ కట్టె తోటలోనే తడిస్తే నా పని అయిపోతాది. దసరా లోపల ఆ దిబ్బ ఎక్కించినావా, సరే. లేదంటే దాన్ని పీకేసి దీన్ని ఎక్కించెయ్” అన్నాడు.

“క్లచ్చి పెడితే మా బావ...”

“తెలుసు. వేరే డ్రైవరికి చెప్పి పెట్టినా.”

క్లచ్చిని పాదంతో తూచినట్టు మెల్లగా వదలాలి, కొయ్యకాలికి అది కుదరదు. ఆ గేర్‌బాక్స్ షెడ్డు మూలన గోనె కప్పుకుని కూర్చుంది. దాన్ని ఎక్కించాల్సింది నేనే. మా బావను మళ్ళీ గోడకు ఆనించాల్సింది ఈ చేతులే. బావ షెడ్డుకు వచ్చినప్పుడల్లా ఆ మూలకు చూసేవాడు కాదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడేవాడో నాకు తెలిసిపోయేది.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మిస్త్రీ అన్నవాడు ఖాళీ బండిని షెడ్డు చుట్టూ ఎంతైనా తిప్పుకోవచ్చు. లోడు ఎక్కిన బండిలో డ్రైవరు సీట్లో కూర్చోకూడదు. కూర్చున్నాడంటే ఆ డ్రైవరుకు చేతగాలేదని నలుగురిలో చెప్పినట్టే. అందుకని అన్ని నెలల్లో నేను ఒక్కసారి కూడా లోడుతో ఆ దిబ్బ మీదికి తోలలేదు. బావ తోలితే, నేను పక్కన నడుస్తూనో, వెనక పార పట్టుకునో చూసేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. మర్యాదకు పోయి మూడు నెలలు ఇసుక తవ్వాను.

దసరాకు పది రోజులుందనగా, కొయ్యకాలు ఒరుసుకుని పుండు పడితే కట్టు కట్టించుకోవడానికి బావ నెల్లూరు పోయాడు. నిండు లోడు తోటలో నిలబడి ఉంది. అటూ ఇటూ చూసి నేను సీటెక్కాను. కాలు దించి, దిబ్బ మొదలు నుంచి ఎత్తకుండా తొక్కి పట్టాను. లారీ రెండో గేరులో ఏనుగులాగా నిదానంగా ఎక్కింది. పైకి పోయింది. అవతలికి దిగింది. టక్ లేదు. ఎగరడం లేదు. కడ్డీ రెండు చుట్ల మీద సరిగ్గానే ఉంది. ఎప్పటి నుంచో సరిగ్గానే ఉంది.

నాకు సంతోషం వేయలేదు. తప్పు లారీలో లేదు.

మర్నాడు బావ వచ్చాడు. ఎన్నడూ లేనిది నేను ముందు సీట్లో ఆయన పక్కన కూర్చున్నాను. “ఏంది బామ్మర్దీ, ఈరోజు పార పట్టుకోవా?” అన్నాడు నవ్వుతూ. నేను ఆయన కాళ్ళనే చూస్తున్నాను. దిబ్బ మొదలైంది. ఇంజను గొంతు పెరిగింది. పెరిగి, గేరు మార్చాలనిపించే ఆ శ్రుతికి వచ్చింది. ఎడమ తొడ పైకి లేచింది. కొయ్యకాలు ముందుకు వచ్చి, క్లచ్చి పెడలు ఉండాల్సిన చోట అడుగు చెక్క మీద దిగింది. టక్. దిగీ దిగకముందే కుడి పాదం ఎక్సలేటరు మీద నుంచి పైకి లేచింది. పదహారేళ్ళు ఆ రెండు కాళ్ళూ ఒకదాన్ని చూసి ఒకటి అట్లాగే చేశాయి. కాలు లేచిందని కడ్డీ గేర్‌బాక్స్‌కు చెప్పింది. బరువు తగ్గిందనుకుని అది మూడుకు ఎక్కేసింది. లారీ కూర్చుంది. చెక్క మీద అణా బిళ్ళంత గుంట పడి ఉంది. ఆ గుంటను నేను ఎన్నోసార్లు తుడిచాను, కొయ్యకాలు ఆనించుకుంటాడు కాబోలు అనుకుని.

అప్పుడు నిదానంగా చెప్పి ఉండాల్సింది. ఇంటికి పోయాక, అన్నం తిన్నాక, మెల్లగా. కానీ మూడు నెలల ఇసుక నా నోట్లోకి వచ్చింది. ముక్కు మీద కోపం నాకు మొదటి నుంచీ ఉంది. తలుపు తోసి కిందికి దూకి అరిచాను.

“క్లచ్చి తొక్కతా ఉండావు బావా! లేని కాలితో, లేని క్లచ్చి! కాలు పోయి నాలుగేళ్ళయింది, ఇంకా తొక్కతానే ఉండావు! నీ కాలు కోసం నేను ఈ గేర్‌బాక్స్ మూడుసార్లు విప్పినా!”

కట్టెలు మోసే ఆడవాళ్ళందరూ విన్నారు. ఎవరో ఒకామె కిసుక్కుమంది, పక్కనామె ఆమె నోరు మూసింది. బావ కిందికి వంగి ఆ చెక్క మీద గుంటను చూశాడు. వేలితో తడిమాడు.

“తొక్కతా ఉండానా?” అన్నాడు. నిజంగానే తెలీనట్టు అడిగాడు.

“ఆఁ.”

ఇంజను ఆపాడు. తలుపు పట్టుకుని నిదానంగా దిగాడు. రోడ్డు వైపు నడుచుకుంటూ పోయాడు. ఆ ఇసుకలో రెండు కాళ్ళున్నవాడు నడవడమే యాతన. అడుగు వేసినప్పుడల్లా కొయ్యకాలు పిక్కల దాకా దిగబడేది, చేత్తో తొడ పట్టుకుని పైకి లాక్కునేవాడు. ఇసుకలో ఒక పక్క పాదం ముద్ర, ఇంకో పక్క బొరియ, అట్లా రోడ్డు దాకా మూడు మైళ్ళు. నేను పిలవలేదు. అంత నీచమైన పని నా బతుకులో ఇంకోటి చేయలేదు.

మర్నాడు బావ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఓనరు గారు వచ్చి, “ఇంక చాల్లే, ఎక్కించెయ్” అని చెప్పి పోయాడు. నేను గోనె తీసేసి సామాను విడదీసి పరుచుకున్నాను. అక్కడితో ఆగిపోయాను. మధ్యాహ్నం అక్క అన్నం క్యారియరు పట్టుకుని వచ్చింది. కింద పరిచి ఉన్నవన్నీ చూసింది. చూసి, ఆ పక్కనే పాత టైరు మీద కూర్చుంది.

“తిను” అంది.

“బావ ఏం చేస్తా ఉండాడు?”

“గోడకు ఆనుకుని ఉండాడు.”

అన్నం కలిపాను. “నేను అంత మాట అనకుండా ఉండాల్సింది అక్కా” అన్నాను.

“అబద్ధం చెప్పలేదు గదా నువ్వు” అంది. ఆమె గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. అలసిపోయిన మనిషి గొంతు. “ఆ కాలు పోలేదురా అబ్బయ్యా. మీ కంటికి పోయింది. ఆయనకి ఆడే ఉంది. పొద్దు వాలితే నన్ను పిలస్తాడే, నేను పోయి ఏం చేస్తాననుకున్నావు?”

“నూనె రాస్తావేమో.”

“దేనికి రాసేది? మోకాలి కింద పట్టుకుంటే, అది కాదే, ఇంకా కిందికి, పాదం దగ్గర అంటాడు. పాదం ఉండాల్సిన చోట చాప ఉంటాది. ఆ చాప పిసుకుతా. గట్టిగా అదిమి పట్టుకో అంటాడు. అదిమి పట్టుకుంటా. ఏదో ఒకటి ఆనుకునిందా, నొప్పి దిగిపోతాది ఆయనకి. గాల్లో ఉంటేనే నొప్పి. నాలుగేళ్ళుగా చాప పిసుకుతా ఉండా. చూస్తే నవ్వుతావనే తలుపేసుకునేది.”

నేను అన్నం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాను. నేను తలుపు బయట నిలబడి చేసిన ఎగతాళి అంతా గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. నేను తల ఎత్తలేక నేల చూస్తుంటే, నా కాళ్ళ ముందే ఆ కొత్త క్లచ్చి సామానులోని పెడలు పడి ఉంది. తొక్కుడు బిళ్ళ, దాని కింద వంపు తిరిగిన కాడ.

గాల్లో ఉంటేనే నొప్పి అంది అక్క. ఏదో ఒకటి ఆనాలి అంది.

“అక్కా, నువ్వింటికి పో. రేపు పొద్దున బావను పంపించు. రానంటే నేను కాళ్ళు పట్టుకున్నానని చెప్పు.”

“ఏ కాలు?” అంది. నాలుగేళ్ళలో ఆమె చేసిన హాస్యం అదొక్కటే. ఇద్దరికీ నవ్వు రాలేదు.

ఆ పూటంతా పని చేశాను. అడుగు చెక్కలో ఆ గుంట ఉన్న చోటే రంధ్రం కోశాను. పెడలు బిగించాను. కింద గట్టి స్ప్రింగు ఒకటి, తొక్కితే ఎదురు తన్నేట్టు. దానికి సైకిలు బ్రేకు తీగ కట్టి, గేర్‌బాక్స్ దగ్గర ఆ కడ్డీకే తగిలించాను. ఇప్పుడు ఎడమ కాలు పెడలు తొక్కితే తీగ కడ్డీని లాగి పట్టుకుంటుంది. కుడి కాలు ఎక్సలేటరు మీద నుంచి లేచినా గేర్‌బాక్స్‌కు ఆ సంగతి తెలియదు. కాలు ఇంకా లోతునే ఉందనుకుని ఉన్న గేరులోనే ఉండిపోతుంది. ఆ రెప్పపాటు ఇంజను తగ్గినా, గేరు మారనంత వరకు లారీ కూర్చోదు. బావ పదహారేళ్ళ అలవాటు మానుకోనక్కర్లేదు. మానుకోమని చెప్పే మొహం కూడా నాకు లేదు.

పొద్దున బావ వచ్చాడు. ఖాకీ చొక్కా వేసుకోలేదు, మామూలు బనీను. నా వైపు చూడకుండా సీటెక్కాడు. కింద పెడలు చూశాడు. కొయ్యకాలితో ఒకసారి తొక్కాడు. అది కిందికి పోయి మళ్ళీ ఎదురు తన్నింది. ఇంకోసారి తొక్కాడు. ఇంకోసారి. ఏమిటని అడగలేదు, నేను చెప్పలేదు. ఖాళీ బండిని తోటకు తోలుకుపోయాం. లోడు వేశారు. ఓనరు గారు ఎక్కడి నుంచో తెలుసుకుని దిబ్బ మీదికే వచ్చి, గొడుగు వేసుకుని నిలబడ్డాడు.

నేను పార పట్టుకుని పక్కన నడిచాను. దిబ్బ మొదలైంది. ఇంజను గొంతు పెరిగింది. శ్రుతికి వచ్చింది. తొడ లేచింది. టక్ మనలేదు. ఇంజను ఒక్క క్షణం తగ్గింది, గేరు అక్కడే ఉంది, మళ్ళీ పుంజుకుంది. ఆ పెద్ద టైర్లు ఇసుకను పట్టుకుని నిదానంగా ఎక్కుతూ పోయాయి. నడి దిబ్బలో ఇంకోసారి తొక్కాడు. ఇంకోసారి తగ్గి ఇంకోసారి పుంజుకుంది. పైకి పోయింది. ఆడవాళ్ళు కేకలు పెట్టారు. ఓనరు గారు గొడుగు మూసి, “ఎక్కిందే!” అన్నాడు, తన లారీ కాదన్నట్టు. నేను పార ఇసుకలో గుచ్చేశాను.

దిబ్బ మీద బావ లారీ ఆపి, కిటికీలోంచి తల బయట పెట్టి నన్ను పిలిచాడు. పరుగెత్తాను. మూడు రోజుల తర్వాత ఆయన నాతో మాట్లాడబోతున్నాడు. తిడితే బాగుండుననుకున్నాను.

“క్లచ్చి కొంచెం గట్టిగా ఉందిరా మిస్త్రీ” అన్నాడు, ఏ డ్రైవరైనా ఏ మిస్త్రీతోనైనా అన్నట్టు, అందరికీ వినపడేట్టు. “కాస్త వదులు చెయ్.”

“సరే బావా” అన్నాను.

స్పానరు తీసుకుని లారీ కిందికి దూరాను. స్ప్రింగు రెండు చుట్లు వదులు చేయడానికి ఎంతసేపు పడుతుంది! చాలాసేపు అక్కడే వెల్లకిలా పడుకుని ఉన్నాను. కళ్ళలో ఇసుక పడిందని చెబుదామనుకున్నాను, ఎవరూ అడగలేదు.

ఆ రోజు మూడు లోడ్లు దాటించాం. పొద్దు వాలే వేళకు షెడ్డులో ఆ మామూలు గేర్‌బాక్స్‌కు మళ్ళీ గోనె చుట్టి, అక్కా వాళ్ళింటికి పోయాను. బావను క్షమించమని అడుగుదామనే పోయాను. అడగలేదు, తర్వాత ఎన్నడూ అడగలేదు, ఇప్పుడు అడగడానికి ఆయన లేడు. తలుపు బార్లా తీసి ఉంది. బావ చాప మీద వెల్లకిలా పడి గురక పెడుతున్నాడు. కొయ్యకాలు గోడకు ఆనించి ఉంది. ఆయన కాళ్ళ దగ్గర అక్క కూర్చుని ఉంది.

“నొప్పి పుట్టలేదా ఈరోజు?” అన్నాను గుసగుసగా.

“పిలవలేదురా” అంది అక్క. “పిలస్తాడని పొయ్యి కూడా ఆర్పేసి వచ్చి కూర్చున్నా.”

ఆమె రెండు చేతులూ చాప మీద, ఆ పాదం ఉండాల్సిన చోటుకు అటూ ఇటూ ఊరికే పెట్టి ఉన్నాయి. వాటిని ఇక ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.